అమ్ములుని అనే ముందు చొక్కా వాసన చూడు

నానీ,

అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అమ్ములు వాళ్ళమ్మ ఆఫీసు పనిమీద ఆరు నెలలు పూణే వెళ్తోందనీ, అన్నాళ్ళూ పిల్లను నువ్వొక్కడివే చూసుకుంటానన్నావనీ చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. స్కూలు నుంచి వచ్చేసరికి పిల్ల దగ్గర చెమట వాసన వస్తోందట. దాని గురించి నువ్వే మాట్లాడతానన్నావట. "ఆడపిల్లతో వీడేం మాట్లాడతాడు" అని మీ అమ్మ గోల. "మాట్లాడనీ వదినా" అని ఫోనైతే పెట్టేశాను గానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

ఇలాంటి మాట చెవిన పడితే మీ నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆయన కడుపున పుట్టి నువ్వు ఈ మాత్రం ముందుకొచ్చినందుకు నాకు గర్వంగానే ఉందిరా. భయమల్లా మన ఇంటి నోళ్ళ గురించే. అందులో నాది మొదటిది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ స్నానం. చంకలు, గజ్జలు, పాదాలు సబ్బుతో రుద్దుకోవాలి, తడి లేకుండా తుడుచుకోవాలి. లోబట్టలు, సాక్సులు ఏ రోజువి ఆ రోజే మార్చాలి. ఆడపిల్ల కాబట్టి ఇంకొకటి. కింద బయటివైపు నీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపలికి సబ్బులూ సెంట్లూ వద్దు. నీకు చెప్పడానికి నోరు రాకపోతే వాళ్ళమ్మ చేత వీడియో కాల్‌లో చెప్పించు.

మీ మారతహళ్ళి వైపు ట్యాంకర్ నీళ్ళనీ, సబ్బు నురగ కూడా రాదనీ విన్నాను. ఆ వంకతో స్నానం మానిపించకు. 2019 వేసవిలో మా చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాకం చెరువులు నాలుగూ ఎండిపోయినప్పుడు నేను అర బకెట్టుతోనే గడిపాను. రెండు చెంబులు పోసుకుని, వాసన వచ్చే చోట్లకు మాత్రం సబ్బు పెట్టి, మిగతా నీళ్ళు కడుక్కోవడానికి దాచుకుంటే సరిపోతాయి. బెంగళూరు చలికి పొద్దున లేవనని మారాం చేస్తే సాయంత్రం ఆడుకుని వచ్చాక పోయించు. ఏం మునిగిపోదు.

ఇన్నాళ్ళూ ఎంత చెమట పట్టినా వాసన లేని పిల్లకు ఇప్పుడెందుకు వస్తోందని నువ్వు అనుకుంటూ ఉంటావు. అమ్ములు కూడా అడుగుతుంది, జవాబు సిద్ధంగా ఉంచుకో. చిన్నప్పటి నుంచి ఒళ్ళంతా పట్టేది ఉప్పు నీళ్ళలాంటి చెమట. ఈ వయసులో చంకల్లో, గజ్జల్లో ఇంకోరకం గ్రంథులు పనిలోకి దిగుతాయి. వాటి చెమట కొంచెం జిడ్డుగా ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు దానికీ వాసన ఉండదు. చర్మం మీదుండే బ్యాక్టీరియా దాన్ని తిని వాసన చేస్తుంది. అంటే పిల్ల పెద్దదవుతోందని అర్థం, మురికిదని కాదు. ఈ రెండో ముక్క పిల్లకు గట్టిగా చెప్పు. ఆడపిల్లల్లో ఎదిగే గుర్తులు 8 నుంచి 13 ఏళ్ళ మధ్య మొదలవుతాయి, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య. అమ్ములుకి పదేళ్ళు నిండాయిగా, కంగారు లేదు. ఎనిమిది నిండకముందే మొదలైతే పిల్లల డాక్టరుకు చూపించమనేదాన్ని.

ఇంకోటి, ఎవరి వాసన వాళ్ళకు తెలియదు. ఇంట్లో చేపలు వేయించినప్పుడు మనకేమీ అనిపించదు, బయటివాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. "నీకు తెలియడం లేదా" అని దాన్ని అడగకు. నిజంగానే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు నిద్ర పట్టనిది ఇందుకు.

1999 దీపావళికి మీరంతా నెల్లూరు నుంచి వచ్చారు. నీకు పదేళ్ళు, మీ బావకు పన్నెండు, ఏడో తరగతి. పెరంబూరులో ఆ ఒంటిగది వాటా నీకు గుర్తుందో లేదో. కృష్ణ నీళ్ళు పూండికి చేరి మూడేళ్ళయినా మా వీధిలో బిందెల వరస మాత్రం తగ్గలేదు. పైగా ఈ ఊళ్ళో అసలు వానాకాలం నవంబరే. మీ బావకు రెండే జతల యూనిఫాం. రాత్రి ఉతికి వంటింట్లో దండెం మీద వేస్తే తెల్లారేసరికి సగమే ఆరేవి. మిగతా సగం ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, వేడి వేడిగా తొడిగి పంపేదాన్ని. పొదుపుగా, చురుగ్గా చేస్తున్నాననే అనుకునేదాన్ని.

పండగకు రెండు రోజుల ముందు వాడు స్కూలు నుంచి వచ్చి, సంచి పడేసి, నీ పక్కన మంచం మీద కూర్చోబోయాడు. గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. "ముందు పోయి స్నానం చెయ్యరా, పంది కంపు కొడుతున్నావు" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు ముక్కు మూసుకుని మంచం మీద పొర్లి పొర్లి నవ్వావు. వాడు "పొద్దున చేశానమ్మా" అన్నాడు. "అబద్ధాలొకటా" అన్నాను. అది కూడా అందరి ముందే.

పండగైన వారానికి నేను 29సీ బస్సులో మైలాపూరు వెళ్తున్నాను. జనం. పైకమ్మీ పట్టుకుని నిలబడితే దగ్గర్లో ఎవరి దగ్గరో మాగిన వాసన. ఎవరా అని అటు చూశాను, ఇటు చూశాను. పక్కావిడ మొహం తిప్పుకుంది. మైలాపూరు దగ్గరపడేసరికి తెలిసింది, ఆ వాసన నా జాకెట్టుదే. అది కూడా పొద్దున సగం తడిమీద ఇస్త్రీ చేసిందే. నేను స్నానం చేసే బయల్దేరానురా. బాగా ఆరని గుడ్డలో బ్యాక్టీరియా బతికే ఉంటుంది, ఒంటి వేడి, కాస్త చెమట తగిలితే చాలు, లేచి కూర్చుంటుంది. టెరికాటన్ లాంటి పాలిస్టర్ కలిసిన గుడ్డ ఆ వాసనను నూలు గుడ్డకంటే మొండిగా పట్టుకుంటుంది. వాడు అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చి వాడితో ఆ మాట అన్నానా? అనలేదు. మూడో జత కుట్టించాను. చొక్కాలు తిరగేసి, చంకల దగ్గర వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎండ కాసిన రోజు మొట్టమాడి మీద, అదే డాబా మీద, ఆరేశాను. వాసన పోయింది. అయిపోయిందనుకున్నాను. వాడు రోజుకు రెండుసార్లు పీచుతో చర్మం ఎర్రబడేలా రుద్దుకోవడం, కత్తిరి ఎండల్లో కూడా చొక్కా కింద బనియను విప్పకపోవడం చూసి "మావాడికి శుభ్రం ఎక్కువ" అని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

రెండేళ్ళ క్రితం వాడి కొడుక్కి ఇదే వయసు వచ్చినప్పుడు ఫోన్‌లో ఏదో మాట్లాడుతూ అన్నాడు: "ఏడో తరగతిలో ఆ తర్వాత నేను చెయ్యెత్తలేదమ్మా. జవాబు తెలిసినా ఎత్తలేదు. చెయ్యెత్తితే వాసన వస్తుందని." ఆ ఏడు వాడి రిపోర్టు కార్డులో తెలివైనవాడే గానీ నోరు విప్పడని టీచరు రాస్తే, దానికి కూడా తిట్టాను. ఫోన్‌లో వాడు మామూలుగానే చెప్పాడు. నేనే సిగ్నల్ లేదని పెట్టేశాను.

అందుకని, పిల్లతో ఏమీ అనకముందు యూనిఫాం చంక దగ్గర వాసన చూడు. ఉతికి మడతపెట్టిన చొక్కా సంగతే చెబుతున్నా. అక్కడే తేడా ఉంటే పిల్ల తప్పేమీ లేదు. మీ ఊళ్ళో జూలై తుంపరలో బట్టలు రెండు రోజులైనా ఆరవు, ఫ్యాను కింద వెయ్యి, పూర్తిగా ఆరాకే ఇస్త్రీ. ఇంకో జత కొను. ఆదివారం వాషింగ్ మెషీన్ దగ్గర తనను కూడా నిలబెట్టుకో, తిరగేసి వెయ్యడం నేర్పు. మాట్లాడాల్సింది కూడా అక్కడే మాట్లాడు. చేతులు పనిలో ఉంటే ఎదురెదురుగా కూర్చున్న ఇబ్బంది ఉండదు. ఒక్కసారి చెబితే చాలు. మీ అమ్మ ముందు వద్దు, కారులో దాని స్నేహితులుండగా అసలు వద్దు.

కడుక్కున్నా సాయంత్రానికి వస్తోందంటే ఘాటు లేని రోల్-ఆన్ ఒకటి కొను. శుభ్రంగా, పొడిగా ఉన్న చంకకు రాయాలి. స్ప్రేలు కొట్టుకుంటే చెమటా సెంటూ కలిసి మూడో వాసన పుడుతుంది. నిమ్మచెక్క, వంటసోడా రుద్దమని ఎవరైనా చెబితే వినకు, లేత చర్మం మండుతుంది. పౌడరు అద్దితే చెమటలో ముద్దై చొక్కాకు తెల్లగా అంటుతుంది.

ఇదంతా మొదలైందంటే పెద్దమనిషి కావడం కూడా ఎంతో దూరంలో లేదు. వారాలో నెలలో అని కాదు, ఏడాది రెండేళ్ళు పట్టొచ్చు. అయినా వాళ్ళమ్మ ఊళ్ళో లేనప్పుడే అవుతుందేమోనని నా భయం. వెళ్ళేలోపు తను స్కూలు సంచిలో ఒక చిన్న పర్సు పెట్టి, అందులో రెండు ప్యాడ్లు, ఒక లోబట్ట ఉంచి, ఎందుకో పిల్లకు చెప్పి వెళ్ళమను. నీ బీరువాలో కూడా ఒక ప్యాకెట్ ఉండాలి. అయిందనుకో, వెంటనే ఊరంతా ఫోన్లు చెయ్యకు. ఇక్కడ మా వీధి మొదట్లో ఆడపిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతారు, చూసినప్పుడల్లా నాకు ఆ పిల్ల మొహమే కనబడుతుంది. మీ అమ్మ ఫంక్షన్ అంటుంది. అమ్ములుని అడిగి చెయ్యి, వద్దంటే నా పేరు చెప్పు, మీ అమ్మతో నేను పడతాను.

ఆదివారం మీ ఊరొచ్చే పక్కింటివాళ్ళతో పార్సిల్ పంపుతున్నాను. అమ్ములుకి నూలు స్లిప్పులు నాలుగు. సున్నిపిండి డబ్బా కూడా పెట్టాను, అది సెలవు రోజుకే. అందులో పసుపుంది, యూనిఫాం కాలరుకు అంటితే పోదు. ఈ ఉత్తరం మాత్రం పిల్ల కంట పడనివ్వకు.

ఆ రోజు నువ్వు నవ్వింది మీ బావకు గుర్తుందో లేదో నేనడగలేదు. నువ్వూ అడగకు. నేను అనాల్సిన మాట ఒకటి ఇంకా మిగిలి ఉంది. సంక్రాంతికి వాడు వస్తాడు.

మీ అత్త
పెరంబూరు