ఎవరి స్వభావానికి ఏ రచన నప్పుతుంది?

"రాయాలనుంది కానీ కథా, వ్యాసమా, సీరియలా తేలడం లేదు" అన్నారు. ప్రతిభ సంగతి పక్కన పెట్టి, రాశాక మీకు ఏం కావాలో చూసుకోండి.

రాసిన గంటలోనే ఎవరో ఒకరు స్పందించకపోతే నిద్రపట్టని మనిషైతే ప్రతిలిపి అనే కథల యాప్‌లో సీరియల్ మొదలుపెట్టండి. భాగం భాగానికీ పాఠకులు అడుగుతూనే ఉంటారు, ఆ తొందరే మీ చేత రాయిస్తుంది. ఒక్క వాక్యాన్ని పదిసార్లు చెక్కే ఓపికా, దిద్దుబాట్లు చెబితే అలగని గుణమూ ఉంటే 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికకు పంపండి. అక్కడ పరిశీలకులు చదివి, మార్పులు అడుగుతారు. నెలలు పట్టినా పట్టవచ్చు.

పేరు మీద మోజు లేకుండా వివరాల మీద పట్టుదల ఉన్నవాళ్లకు నా ఓటు తెలుగు వికీపీడియాకే. 2003లో మొదలైంది. మీ ఊరి చెరువు గురించి "ఎంతో సుందరమైనది" అని రాస్తే తీసేస్తారు. ఆయకట్టు ఎంతో, తవ్వించిందెవరో రాస్తే ఆధారం ఏదని అడుగుతారు. గెజిటీరో శాసనమో వెతికి చూపించడంలో మజా ఉందనుకుంటే అది మీ చోటే. మీ రాతను రేపు ఇంకొకరు మార్చేస్తే ఒళ్లు మండే రకమైతే మాత్రం అటు వెళ్లకండి.

మాటకారులు, నలుగురిలో కూర్చుంటేనే ఊహ కదిలేవాళ్లు నాటకమో షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టో చూసుకోవచ్చు. బిడియస్థులు దానికి పనికిరారని కాదు, కానీ డైలాగు నటుడి నోట్లో మారిపోతుంటే ఊరుకోగలగాలి.

తేలకపోతే ఒకే సంగతిని రెండు రకాలుగా రాసి చూడండి. ఏది రాస్తుంటే టైమ్ చూసుకోలేదో అటు వెళ్లండి.