బీలలో గడ్డి పీకి తెచ్చిన పాప ఏం చదవాలి?

సోంపేట దగ్గర ఊరి నుంచి ఒక అమ్మ రాశారు: “పాప ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. నీట్‌కి చదవమంటే బీలలో, అంటే మా దగ్గరి చిత్తడి నేలలో, గడ్డి పీకి తెచ్చి వేళ్లకున్న ముడులు చూస్తూ కూర్చుంటోంది. పురుగుల చదువు చదువుతుందట. జీలుగ వేళ్లకీ బుడిపెలుంటాయి, ఇందులో వింతేముంది? ఆ చదువుకి ఉద్యోగం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.”

అమ్మా, ముందు ఆ బుడిపెల సంగతి చూద్దాం. జీలుగ వేరుకుండేది బాక్టీరియా కట్టుకున్న బుడిపె. వేలితో రుద్దితే ఊడొస్తుంది, మొక్కకు నత్రజని ఇస్తుంది. గడ్డి జాతికి అలాంటివి రావు. గడ్డి వేరు తానే ఉబ్బి, కొస కొక్కెంలా వంగిందంటే వేరుబుడిపె నులిపురుగుని (నెమటోడ్) అనుమానించాలి. అదో కాదో మైక్రోస్కోప్ కింద పెడితేనే తేలుతుంది. కానీ మీ పాప సరైన చోటే చూసింది.

ఈ పురుగు పిల్ల అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. వేరు కొస దగ్గర లోపలికి దూరి, నోట్లో సూదిలాంటి ముల్లుతో కొన్ని కణాల్లోకి తన స్రావం వదులుతుంది. ఆ కణాలు రెండుగా చీలడం మానేసి, లోపల కేంద్రకాలను మాత్రం పెంచుకుంటూ రాక్షస కణాలైపోతాయి. అక్కణ్ణుంచి పురుగుని మేపడమే వాటి పని. ఆడపురుగు బేరిపండులా ఉబ్బి, ఇక అక్కణ్ణుంచి కదలదు.

వరిని పట్టే జాతి పేరు మెలాయిడోగైనె గ్రామినికోలా. 1965లో దాన్ని మొదట వర్ణించింది వరి మీద కాదు, అమెరికాలోని లూసియానాలో ఊద గడ్డి వేళ్ల మీద. అదే ఏడాది అమెరికా అట్లాంటిక్ తీరపు ఉప్పు చిత్తడిలో పెరిగే స్పార్టినా గడ్డి మీద ఇంకో జాతిని వర్ణించారు. నీళ్లు నిలిచిన మడిలో గ్రామినికోలా పిల్లలు కొత్త వేళ్లలోకి దూరలేవు. ముందే లోపలికి చేరిన ఆడపురుగు మాత్రం గుడ్లు వేరు లోపలే పెడుతుంది, పిల్లలు ఆ వేరులోనే పాకి మళ్లీ స్థిరపడతాయి. చేలో వరి లేని రోజుల్లో గట్టు మీది ఊద, తుంగ వాటికి తిండి. అంటే పాప చూస్తున్నది మీ పొలం సంగతే.

డాక్టరు చదువు ముందు పురుగుల చదువు చిన్నదనిపిస్తోందేమో. 2024 వైద్య నోబెల్ ఇద్దరికి వచ్చింది, మట్టిలో బతికే సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగులో, జన్యువుల పనిని అదుపు చేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏని కనుక్కున్నందుకే.

ఇక దారి. నీట్ రాయనివ్వండి, దానితో పాటు మన రాష్ట్రంలో అగ్రికల్చర్ సీట్లకు పెట్టే ఈఏపీసెట్ కూడా. చదివే సబ్జెక్టులు రెండింటికీ అవే. మెడిసిన్ సీటు రాకపోతే పాపకి ఇష్టం లేకుండా లాంగ్ టర్మ్‌కి మాత్రం పంపొద్దు, ఇది నా గట్టి మాట. శ్రీకాకుళం పక్కనే నైరలో ఎన్జీ రంగా వర్సిటీ వ్యవసాయ కళాశాల ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు. రైతు బిడ్డలకు కోటా ఉంది, షరతులు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. తర్వాత ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐ, హిసార్, కోయంబత్తూరు లాంటి చోట్ల నెమటాలజీ, అంటే నులిపురుగుల శాస్త్రం, చదవొచ్చు. ఐసీఏఆర్‌లో శాస్త్రవేత్త కావాలంటే పీహెచ్‌డీ, ఆ ఉద్యోగాలకు పెట్టే ఏఆర్‌ఎస్ పరీక్ష కూడా. అన్నీ కలిపి తొమ్మిది పదేళ్లు.

దాచకుండా చెప్తాను, ఒక్క నులిపురుగుల మీదే ఉండే పోస్టులు తక్కువ. కానీ చేతిలో ఉండేది అగ్రికల్చర్ డిగ్రీ. మండల వ్యవసాయ అధికారి, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్, విత్తన కంపెనీలు, అన్నిటికీ అది పనికొస్తుంది.

ఈలోగా ఒక పని చేయండి. ఈసారి గడ్డిని వేళ్లు తెగకుండా మట్టితో సహా తవ్వి, కవర్లో పెట్టి, ఎండ తగలకుండా నైర తీసుకెళ్లండి. ముందు ఫోన్ చేసి, మొక్కల తెగుళ్లు చూసే మాస్టార్లు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. అక్కడ మీరు మాట్లాడొద్దు, పాపనే అడగనివ్వండి.