ఊరికే దొరికే లినక్స్‌కు జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాకు కమీషన్ దుకాణం ఉంది. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. తోటివాళ్లు జావా కోర్సుల్లో చేరుతుంటే, వీడు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించి, రోజంతా నల్ల తెర మీద ఏదో కొడుతూ కూర్చుంటున్నాడు. దుకాణం లెక్కల సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకోవడం లేదు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయంటాడు. ఊరికే దొరికేదాన్ని నేర్చుకుంటే జీతం ఎవరిస్తారు?

జవాబు: మీ యార్డు దగ్గరి సంగతితోనే మొదలుపెడతాను. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పేర్చడం హమాలీలకు ఒక పూట పని. ఆ తర్వాత నెలల తరబడి చల్లదనం తప్పకుండా, సరుకుకు తేమ పట్టకుండా, కరెంటు పోతే జనరేటరు అందుకునేలా కనిపెట్టుకుని ఉండే మనిషికి యజమాని నెలనెలా జీతం ఇస్తాడు. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను ఎక్కించడం కూడా గంటలోపు అయిపోయే పనే, దానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఎక్కించినదాన్ని ఏళ్ల తరబడి ఆగకుండా, చొరబాట్లకు లోనుకాకుండా నడిపించగలిగినవాడిని మాత్రం కంపెనీలు వెతుక్కుంటూ ఉంటాయి.

'ఊరికే' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ 'ఫ్రీ' అనే ఒకటే మాట కావడంతో వాళ్లకు ఈ తికమక తప్పదు గానీ, మనకు రెండు మాటలున్నాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్‌లో ముఖ్యమైనది స్వేచ్ఛ: దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు కూడా. రెడ్ హ్యాట్ అనే కంపెనీ ఇదే లినక్స్‌కు మద్దతు, సవరణలు అందించే చందాలు అమ్ముతూ ఎంత ఎదిగిందంటే, 2019లో ఐబీఎం దానిని సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మీ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున నడుస్తున్నదీ లినక్స్ గుండెకాయ అయిన కెర్నెలే.

ఇక నిర్వహణ అంటే ఏమిటో చెబుతాను. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు విజయవాడలో ఒక కళాశాల ల్యాబ్ సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే డిస్కు నిండిపోయి పిల్లలెవరికీ లాగిన్ కావడం లేదు. జరిగినదంతా సిస్టమ్ రాసుకునే లాగ్ ఫైలు ఒకటి విపరీతంగా పెరిగిందని చూసి చెరిపేశాను. ఫైళ్లను కూడి చెప్పే 'డీయూ' కమాండు సగం డిస్కు కూడా వాడలేదంటోంది, డిస్కులో మిగిలిన జాగా చెప్పే 'డీఎఫ్' మాత్రం పూర్తిగా నిండే ఉందంటోంది. రెండూ నిజమే చెబుతున్నాయని అర్థం కావడానికి నాకు మధ్యాహ్నం దాటింది. చెరిపిన ఫైలును ఒక ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచుకుంది. అద్దెల పుస్తకంలో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి గది ఖాళీ చేయనట్టే, ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా జాగా తిరిగి రాదు. దానిని ఆపి మళ్లీ మొదలుపెట్టగానే సగం డిస్కు ఖాళీ అయింది. మీ అబ్బాయి నల్ల తెర మీద కొడుతున్నది ఇలాంటి సంగతుల కోసమే అయితే, ఆ కాలం వృథా కావడం లేదు.

ఈ పనికి ఒక గడియారం కూడా ఉంది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్ రెండేళ్లకొకటి వస్తుంది, దానికి అయిదేళ్లపాటు ఉచితంగా సవరణలు అందుతాయి. 2014లో వచ్చిన మరో రకం, సెంటోస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. దాని మీద నడిచే సర్వర్లను, పైనున్న అప్లికేషన్లు చెడకుండా, ఆల్మాలినక్స్‌కో రాకీ లినక్స్‌కో మార్చడం అనుభవం ఉన్నవారికి కూడా చెమటలు పట్టించే పని.

ఉద్యోగాల విషయంలో మీకు తీపి మాటలు చెప్పను. ఈ పనికి గుంటూరు, విజయవాడల కంటే హైదరాబాద్, బెంగళూరులలోనే అవకాశాలు ఎక్కువ. మొదట దొరికేది తరచుగా రాత్రి షిఫ్టుల సపోర్టు ఉద్యోగం. అక్కడి నుంచి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా, క్లౌడ్ (ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే సర్వర్లు), డెవాప్స్ (ప్రోగ్రామ్ రాయడాన్నీ నడపడాన్నీ కలిపి చూసే పని) వైపు ఎదగాలంటే షెల్ స్క్రిప్టులు (కమాండ్లను వరుసగా నడిపించే చిన్న ప్రోగ్రాములు), కొంత పైథాన్ ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్ తప్పనిసరి. తోటివాళ్ల జావా కోర్సును తీసిపారేయమని కూడా నేను అనను, ప్రోగ్రామింగ్ బొత్తిగా రాని అడ్మినిస్ట్రేటర్ ఎక్కువ దూరం పోలేడు.

సర్టిఫికెట్లలో రెడ్ హ్యాట్ వారి లినక్స్ నిర్వహణ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ మీద నాకు గౌరవం ఉంది. అందులో జవాబుకు టిక్కు పెట్టే ప్రశ్నలుండవు. నిజమైన సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు, 300కు 210 మార్కులు రావాలి. మూల్యాంకనానికి ముందు కంప్యూటర్‌ను రీబూట్ చేస్తారు కాబట్టి, అప్పటికి పని చేసి రీబూట్ తర్వాత నిలవని మార్పుకు మార్కులు రావు. మొదలయ్యేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక్క వరుస తప్పు రాసినా సిస్టమ్ పైకి లేవకపోవచ్చు. అయితే ఆ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది కనుక డిగ్రీ పూర్తికాకుండానే తొందరపడి రాయించకండి, శిక్షణ కేంద్రాలకు ముందే వేలకు వేలు కట్టకండి.

దానికి బదులు పాత కంప్యూటర్ ఒకటి సెకండ్ హ్యాండులో కొనివ్వండి. దుకాణం కంప్యూటర్ ప్రయోగాలకు కాదని గట్టిగానే చెప్పండి, ఆ విషయంలో తప్పు అతనిదే, దానిలో విండోస్ తిరిగి ఎక్కించవలసినదీ అతనే. కొత్తగా వచ్చినదానిలో డెబియన్ అనే లినక్స్ రకాన్ని గ్రాఫిక్ తెర లేకుండా ఎక్కించి, ఏడాదిపాటు ఒక్కసారి కూడా మళ్లీ మొదటి నుంచి ఎక్కించకుండా నడపమనండి. చెడినప్పుడల్లా ఏమి చెడింది, ఎలా కనిపెట్టాడు, ఎలా సరిచేశాడు అన్నది తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో అడిగేవి దాదాపుగా ఆ మూడు ప్రశ్నలే.

ఆ పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం ఈ రోజే తేల్చండి. తెరిచి చూడని బ్యాకప్‌ను ఈ వృత్తిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న వేరొక కంప్యూటర్‌లో దానిని పెట్టి, కిందటి నెల ఖాతాలను మీ ఎదుటే తెరిచి చూపించమనండి. ఒకవేళ తెరుచుకోకపోతే, అతని నోటుబుక్కులో మొదటి పేజీ దానితోనే మొదలవుతుంది.