టర్బో ఇంజిన్‌కి రిటర్న్ ఫ్యూయల్ లైన్ అవసరమా?

విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోల్ కారుకి టర్బో పెట్టిస్తున్నారు, ట్యాంక్ నుంచి ఒకే పైపు వచ్చే సిస్టమ్ సరిపోదా అని అడిగారు. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి) తక్కువైతే పెద్ద ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి), మంచి ట్యూనింగ్‌తో నెట్టుకురావచ్చు. బూస్ట్ పెంచాలనుకుంటే రిటర్న్ లైనే, అంటే మిగిలిన పెట్రోల్‌ని ట్యాంక్‌కి తిప్పి పంపే పైపే మేలు.

ఇంజెక్టర్ గుండా పెట్రోల్‌ని తోసేది రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టం) ప్రెషర్‌కీ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) ప్రెషర్‌కీ మధ్య తేడా. రైల్‌లో 3 బార్ ఉండి, 1 బార్ బూస్ట్ వస్తే మిగిలేది 2 బారే. పెట్రోల్ ఎక్కువ కావాల్సిన సమయంలోనే తగ్గిపోతుందన్నమాట. మిక్స్చర్ లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకపోతే, పిస్టన్లకే ముప్పు.

అందుకే పెట్రోల్ ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌ని రైల్ తర్వాత బిగించి, దాని సన్న గొట్టాన్ని మానిఫోల్డ్‌కి కలుపుతారు. బూస్ట్ ఎంత పెరిగితే రైల్ ప్రెషరూ అంతే పెరుగుతుంది. మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి తిరిగి వెళ్తుంది. ట్యాంక్‌లో పంప్ దగ్గరుండే పాత రెగ్యులేటర్‌ని తప్పించకపోతే ఇదంతా వృథా. రిటర్న్ పైపు మరీ సన్నదైతే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) ప్రెషర్ దిగదు.

సెట్ చేసేటప్పుడు ఆ సన్న గొట్టం తీసి, మానిఫోల్డ్ వైపు మూసి, ఐడిల్‌లో 3 బార్ పెట్టించండి. పంప్‌ని 4 బార్ (3 బార్‌కి 1 బార్ బూస్ట్ కలిపి) దగ్గర ఎంత పెట్రోల్ ఇస్తుందో చూసి కొనండి. గొట్టాలు ఇథనాల్‌ని తట్టుకునే ఇంజెక్షన్ రకానివే వాడాలి, బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కదా.