కొత్తగా కొన్న చిన్న ఆర్కిడ్‌కి కుండీ ఎప్పుడు మార్చాలి, విశాఖలో దాన్ని ఎలా చూసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఎంవీపీ కాలనీలో ఫ్లాట్. నర్సరీ నుంచి చిన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ తెచ్చుకున్నారు, ఇప్పుడు పూలతో ఉంది. వేర్లు కుండీ దాటి బయటికి వచ్చేశాయని, వెంటనే పెద్ద కుండీలోకి మార్చాలేమోనని టెన్షన్ పడుతున్నారు. ఎర్రమట్టిలో పెట్టమని మీ అత్తగారు అంటున్నారు. వారానికోసారి నీళ్లు పోస్తే చాలని అమ్మినవాళ్లు చెప్పారు.

మట్టి మాత్రం అస్సలు వద్దు. అత్తగారిని ఒప్పించడానికి ఒక దారి చెప్తాను. ఈసారి అరకు వైపు వెళ్లినప్పుడు దారిలో పాత మామిడి చెట్ల కొమ్మలు చూపించండి. మన తూర్పు కనుమల్లో వాండా అనే ఆర్కిడ్ వాటి మీద సహజంగా పెరుగుతుంది. చెట్టు రసం పీల్చదు, బెరడుని పట్టుకుని ఉంటుందంతే. వేర్లు సగం గాల్లోనే వేలాడుతుంటాయి, వాన పడితే తడుస్తాయి, గంటల్లో ఆరిపోతాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, తైవాన్ అడవుల్లో పుట్టిన ఫెలనాప్సిస్‌దీ అదే బతుకు. అందుకే వేర్లు కుండీ బయటికి రావడం జబ్బు కాదు, చోటు చాలక చేసే గోల కూడా కాదు. వాటిని కత్తిరించకండి, లోపలికి కుక్కకండి.

ఇప్పుడు కుండీ సంగతి. పూలతో ఉన్న మొక్కని కదిపితే ముందు మొగ్గలు రాల్చేస్తుంది, కాబట్టి మామూలుగా అయితే పూలు అయిపోయేదాకా ఆగాలి. కానీ ఆగే ముందు ఒక్కటి చూడండి. మొక్కని మెడ దగ్గర పట్టుకుని, ప్లాస్టిక్ కుండీని మెల్లగా నొక్కుతూ కాస్త పైకి లేపండి. చాలాసార్లు వేర్ల ముద్ద మొత్తం అచ్చు తీసినట్టు వచ్చేస్తుంది. లోపల ఉండేది స్ఫాగ్నం నాచు. పిండి చూడండి. నీళ్లు పోసి వారం దాటినా చెమ్మ చేతికి తగులుతోందంటే, పుల్లటి కుళ్లు వాసన వస్తోందంటే, పూలున్నా సరే వెంటనే మార్చేయాలి. పూలు మళ్లీ వస్తాయి, వేర్లన్నీ పోతే మొక్కే ఉండదు. అలాంటిదేమీ లేకపోతే మళ్లీ కుండీలో కూర్చోబెట్టి పూలు చూసుకోండి. ఫెలనాప్సిస్ పూలు బాగా ఉంటే రెండు నెలలు నిలుస్తాయి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. విశాఖలో మా స్నేహితుల ఇళ్లలో చనిపోయిన ఆర్కిడ్‌లలో ఎక్కువ భాగం వేర్లు కుళ్లి పోయినవే. స్ఫాగ్నం తన బరువుకి 15 రెట్లకు పైగా నీళ్లు పట్టుకుంటుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి అన్నీ అదుపులో ఉండే గ్రీన్‌హౌస్‌లో అది బాగానే పనిచేస్తుంది. దూరాలకు పంపేటప్పుడు మొక్క కదలకుండా, దారిలో ఎండిపోకుండా నాచుని గట్టిగా కూరతారు. మనదేమో సముద్రం ఒడ్డున ఊరు. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. ఆ నాచు ఇక్కడ ఆరదు. దానికితోడు కొన్ని కుండీల్లో వేర్ల నడుమ, మొక్క పిల్లగా ఉన్నప్పుడు పెట్టిన స్పాంజి ముక్కో, నాచు దిమ్మో అలాగే ఉండిపోతుంది. పైన వేలు పెడితే పొడిగా తగులుతుంది, నడుమ మాత్రం బురద. నేను కొన్న మొక్కల్లో చాలావాటికి ఇది కనిపించింది.

అప్పుడు జరిగేది చూడండి. వేర్లు కుళ్లాక నీళ్లు పీల్చలేవు, ఆకులు ముడతలు పడి వాలిపోతాయి. దాహం అనుకుని మనం ఇంకా నీళ్లు పోస్తాం. మిగిలిన వేర్లు కూడా పోతాయి. కాబట్టి ఆకు వాలితే చెంబు అందుకోకండి, ముందు వేరు చూడండి. బతికున్న వేరు నొక్కితే గట్టిగా ఉంటుంది. పొడిగా ఉంటే వెండి రంగు, తడిస్తే ఆకుపచ్చ. చచ్చిన వేరు గోధుమ రంగులోకి తిరిగి మెత్తగా అవుతుంది, లేదా బోలుగా అయిపోయి లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం ఒక్కటే మిగులుతుంది.

మార్చే రోజు ఏం చేయాలంటే, మొక్కని అరగంట నీళ్లలో ఉంచి, నాచుని తొందరపడకుండా వేళ్లతో తీయండి. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి లేదా మంట మీద కాల్చి, చచ్చిన వేర్లు మాత్రమే కత్తిరించండి. తెల్లగా, గట్టిగా ఉన్నది ఎంత వంకరగా ఉన్నా వదిలేయండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దవచ్చు, కానీ మంచి వేర్ల మీద చల్లకండి, అది వాటిని ఎండబెట్టేస్తుంది. తర్వాత కొన్ని గంటలు నీడలో ఆరనివ్వండి.

కుండీలో ఏం వేయాలన్నదానికి ఆన్‌లైన్‌లో ఖరీదైన మిక్సులు చాలా కనిపిస్తాయి. పైన్ బెరడు దొరికితే మంచిదే, కానీ మన దగ్గర అవసరం లేదు. కొబ్బరి డొక్క ముక్కలు, కర్రబొగ్గు సరిపోతాయి. ఎండిన డొక్కని బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి నీళ్లలో నానబెట్టండి. నీళ్లు టీ రంగులోకి తిరుగుతాయి, పారబోసి కొత్త నీళ్లు పోయండి. రంగు తగ్గేదాకా ఇలా కొన్ని రోజులు చేయాలి. డొక్కలో ఉండే ఉప్పు, వగరు పోవాలి మరి, లేకపోతే కొత్త వేర్ల కొనలు మాడిపోతాయి. బొగ్గు ఇస్త్రీ బండివాళ్లు వాడే కర్రబొగ్గే, దుమ్ము పోయేలా కడిగితే చాలు. సగం డొక్క, సగం బొగ్గు నా లెక్క. మీ ఇంట్లో పగలంతా ఎవరూ ఉండకపోతే డొక్క కొంచెం ఎక్కువ వేయండి. చిన్న మొక్క కదా, కాస్త చెమ్మ నిలవాలంటే కొత్త నాచు చిటికెడు వదులుగా కలపవచ్చు.

కుండీ పెద్దది తీసుకోవాలనిపిస్తుంది. వద్దు. వేర్లు సరిపడేంత చాలు, పాతదానికంటే ఒక అంగుళం మించకూడదు. పెద్ద కుండీలో నడిభాగం ఆరదు, మళ్లీ అదే కథ. చుట్టూ బెజ్జాలున్న మట్టి కుండీ కూడా బాగుంటుంది గానీ, మొదటిసారి పెంచేవాళ్లకి పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీయే మేలంటాను. వేర్ల రంగు బయటికే కనిపిస్తుంది, నీళ్లు ఎప్పుడు పోయాలో అదే చెప్తుంది. ఆకుల మొదలు మిశ్రమానికి పైనే ఉండాలి. మొక్క ఊగుతుంటే చిన్న పుల్ల గుచ్చి కట్టండి, ఊగే మొక్కకి కొత్త వేరు పట్టదు. వేర్లు కోసి ఉంటే మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకండి. రెండు మూడు వారాలు నీడలోనే ఉంచండి, అప్పటిదాకా ఎరువు వద్దు.

ఇక నీళ్లు. "వారానికోసారి" అనేది మన ఊళ్లో పనికిరాని లెక్క. మే నెలలో చిన్న కుండీ రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, ఆగస్టు ముసురులో పది రోజులైనా ఆరదు. వేర్లు వెండి రంగుకి వచ్చి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించినప్పుడు పోయండి. ఉదయం పూటే, మొత్తం తడిసేలా పోసి, నీళ్లు పూర్తిగా కారిపోనివ్వండి. కింద సాసర్‌లో నీళ్లు నిలవకూడదు. ఆకుల నడుమ గుంతలో నీళ్లు పడితే దూదితో అద్దేయండి, రాత్రంతా అక్కడ నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. మొవ్వు పోతే మొక్క తేరుకోవడం చాలా కష్టం.

ఏ నీళ్లు అన్నది కూడా ముఖ్యమే. సముద్రానికి దగ్గరున్న కొన్ని అపార్ట్‌మెంట్‌ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మీ బకెట్‌కి, కుళాయికి తెల్లటి పొర పడుతుంటే ఆ నీళ్లు ఆర్కిడ్‌కి వద్దు. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి, లేదా ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రమైన బకెట్‌లో పట్టి వాడండి. వాటిలో లవణాలు ఉండవు, నేను వేసవంతా అవే పోస్తాను. మా ఆడపడుచు వాళ్లది లాసన్స్ బే కాలనీ. అక్కడ గాలికే బాల్కనీ గ్రిల్స్ తుప్పు పడతాయి, ఆకుల మీద కూడా ఆ ఉప్పు పేరుకుంటుంది. తడి గుడ్డతో అప్పుడప్పుడు తుడవమన్నాను, ఆకుల కొనలు మాడడం తగ్గింది. మీరు బీచ్ రోడ్డుకి ఎంత దగ్గరో తెలీదు, దగ్గరైతే మీరూ అలాగే చేయండి.

వెలుతురుకి తూర్పు బాల్కనీ శ్రేష్ఠం. మాది సీతమ్మధారలో తూర్పు ముఖం, ఉదయం లేత ఎండ తగిలి తర్వాత నీడ వస్తుంది. పడమర అయితే షేడ్ నెట్ కట్టాలి, లేదా గదిలో కిటికీకి కాస్త లోపలగా పెట్టాలి. ఆకులు బాగా ముదురు పచ్చగా ఉంటే వెలుతురు తక్కువని, పసుపు పచ్చగా మారినా అంచులు ఎర్రబారినా ఎక్కువని అర్థం. ఫ్యాన్ గాలి మెల్లగా తగిలితే చాలా మంచిది. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. డైనింగ్ టేబుల్ మీద అరటిపళ్లు, మామిడిపళ్ల పక్కన అసలు పెట్టకండి. పండే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు రాలిపోతాయి.

వానాకాలంలో నత్తలు కొత్త వేర్ల కొనలు కొరికేస్తాయి, రాత్రిపూట టార్చి వేసి చూడండి. పిండినల్లి ఆకుల మొదట్లో తెల్ల దూదిలా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడమే. తుపాను హెచ్చరిక వస్తే కుండీ లోపల పెట్టేయండి.

కొత్త వేరు కొన పచ్చగా కనిపించాక ఎరువు మొదలుపెట్టండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకి అర గ్రాము, రెండు వారాలకోసారి. ముందు మామూలు నీళ్లతో వేర్లు తడిపి అప్పుడు పోయాలి. నెలకోసారి ఉత్త నీళ్లు ధారగా పోసి, పేరుకున్న లవణాలు కడిగేయాలి.

పూలు రాలాక కాడ సంగతి కూడా చెప్పేస్తాను. ఆకులు గట్టిగా, వేర్లు బాగా ఉంటే కాడని కింద నుంచి మూడో కణుపు పైన కత్తిరించి చూడవచ్చు, పక్క కొమ్మ వచ్చే అవకాశం ఉంది. మొక్క బలహీనంగా ఉంటే మొదలంటా తీసేయండి, శక్తి ఆకులకి పోతుంది. మళ్లీ కొత్త కాడ రావాలంటే ఫెలనాప్సిస్‌కి కొన్ని వారాలు చల్లదనం కావాలి, 26 డిగ్రీల లోపు. మనకి ఆ చల్లదనం బాగా దొరికేది డిసెంబరు, జనవరిలో, అందుకే ఆ రెండు నెలలు గదిలో కాకుండా బాల్కనీలో ఉంచండి. కాడ బయటికి వచ్చాక మాత్రం కుండీని అటూ ఇటూ తిప్పకండి, మొగ్గలు వెలుతురు వైపు తిరగడానికి తంటాలు పడి కాడ మెలిపడుతుంది. కాడ జానెడు పొడవయ్యాక పుల్లకి వదులుగా కట్టండి.