ఊహించదగిన నష్టం: ఏ కేసు తర్వాత ఏ కేసు చదవాలి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

మూట్ కోర్టులో, అంటే మీ లా విద్యార్థుల నమూనా కోర్టులో, ఫోర్సీయబిలిటీ (నష్టాన్ని ముందే ఊహించగలగడం) మీద వాదించాలని రాశావు. నీ నోట్సు 1932 నాటి డొనోహ్యూ కేసుతో మొదలవుతోంది. అక్కడ మొదలుపెట్టకు. అందులోని సీసాలో నత్త కథ వినీ వినీ జడ్జీలకే విసుగొచ్చి ఉంటుంది. ఇంకో వందేళ్లు వెనక్కి పో.

1837, వాన్ వర్సెస్ మెన్లవ్. మెన్లవ్ పక్కవాడి ఇళ్ల దగ్గర గడ్డివామి వేశాడు. అంటుకుంటుందని ఎంతమంది చెప్పినా, చూద్దాంలే అన్నాడు. అంటుకుంది, ఇళ్లు కాలిపోయాయి. తన తెలివికి తోచినంత జాగ్రత్తపడ్డానని వాదించాడు. కోర్టు వినలేదు. మామూలు వివేకం ఉన్న మనిషి ఏం చేసేవాడన్నదే కొలత అంది. ఆ వెంటనే, జాగ్రత్త తప్పడమంటే ఏమిటో చెప్పిన 1856 నాటి బ్లైత్ కేసు చదువు.

ఈ రెండూ జాగ్రత్త తప్పిందా లేదా అన్నదాని గురించి. తప్పు చేసినవాడు ఎంతవరకు చెల్లించాలన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తే బెంచి నిన్ను వదలదు. 1921లో పొలెమిస్ కేసులో, ఓడలో చెక్కపలక పడి మంటలు లేస్తాయని ఎవరూ ఊహించలేకపోయినా, నష్టం నేరుగా దానివల్లే వచ్చింది కాబట్టి చెల్లించాల్సిందే అన్నారు.

1961లో ప్రివీ కౌన్సిల్, అంటే ఆస్ట్రేలియా అప్పీళ్లు కూడా వినే లండన్ కోర్టు, దాన్ని కాదంది. అదే వాగన్ మౌండ్ కేసు; వాగన్ మౌండ్ అన్నది ఓడ పేరు. సిడ్నీ రేవులో ఆ ఓడనుంచి ఫర్నెస్ ఆయిల్ కారి, వెల్డింగు జరుగుతున్న వార్ఫు (ఓడలు ఆగే కట్టడం) కిందికి చేరింది. చివరికి వార్ఫు కాలింది. నీళ్లమీది ఆయిల్ అంటుకుంటుందని ఊహించలేమని తేల్చి, ఆ మంటల నష్టానికి పరిహారం ఇవ్వలేదు. 1966లో ఇంకో తీర్పు వచ్చింది: అదే మంట, అదే ఆయిల్, వాదులు మాత్రం అక్కడ కట్టి ఉన్న ఓడల యజమానులు. ఈసారి ఊహించవచ్చన్నారు, వాళ్లు గెలిచారు!

ఎందుకో పట్టుకో, నీ వాదనంతా అక్కడే ఉంది. వార్ఫు వాళ్లు 'మంట వస్తుందని ఊహించవచ్చు' అంటే, మరి మీరెందుకు వెల్డింగు చేశారని అడుగుతారు. వాది తప్పు కూడా ఉంటే అప్పటి న్యూ సౌత్ వేల్స్ చట్టం ప్రకారం పైసా రాదు. అందుకే మంటను ఊహించవచ్చన్న సాక్ష్యం వాళ్లు తేలేదు. ఓడల వాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

కాబట్టి ఏ తీర్పు చదివినా సూత్రం ఎత్తి రాసుకోకముందు, సాక్ష్యం ఎవరు తెచ్చారో, ఎవరు దాచుకున్నారో చూడు. పుస్తకాల్లోని సారాంశాల్లో అది ఉండదు. 1966 తీర్పు మీ లైబ్రరీలో లేకపోతే ఫోన్ చెయ్యి, కాపీ పంపిస్తాను.

మీ పెదనాన్న