అమ్మ మళ్లీ విమానం ఎక్కనంటోందా? ఇలా చెప్పి చూడు

తమ్మీ, మీ అమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చి శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కితే, చక్రాలు లోపలికి ముడుచుకోలేదని గంటన్నర గాల్లోనే తిప్పి మళ్లీ అక్కడే దింపారు, ఇప్పుడామె ఎక్కనంటే ఎక్కనంటోంది అని రాశావు. ముందు ఆ తిప్పడం ఎందుకో చెప్పు, టెన్షనంతా అక్కడే ఉంది. దూరం పోయే విమానం బోలెడంత ఇంధనంతో లేస్తుంది, ఆ బరువుతో వెంటనే దిగడం మంచిది కాదు, ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాలకు ఇంధనం గాల్లో పారబోసే ఏర్పాటు ఉండదు, కాబట్టి తిరిగి తిరిగి కాల్చాల్సిందే. అయినా చక్రాలు లోపలికి పోలేదంటే బయటే ఉన్నాయిగా, దిగడానికి కావాల్సింది అదే.

మరి అసలు కిందికి రాకపోతే? మన ట్రాక్టర్ ట్రాలీ లేవాలంటే ఆయిల్ ప్రెషర్ కావాలి, దిగడానికి లివర్ వదిలితే చాలు. ఇదీ అంతే. హైడ్రాలిక్, అంటే ఆ ఆయిల్ ప్రెషర్, పోయినా చక్రాల్ని పైన పట్టి ఉంచే లాకులు విడిపిస్తే చక్రాలు తమ బరువుకే జారి బిగుసుకుంటాయి, కాక్‌పిట్‌లో మూడు పచ్చ లైట్లు వెలుగుతాయి. 2011 నవంబర్ 1న వార్సాలో ఒక బోయింగ్ 767కి అదీ కుదరక పొట్ట మీదే దిగింది, లోపలున్న 231 మందీ క్షేమంగా బయటపడ్డారు.

ఈసారి నువ్వూ పక్కన కూర్చో. దిగడానికి కొన్ని నిమిషాల ముందు కాళ్ల కింద ధడ్‌మని చప్పుడొస్తుంది, అది చక్రాలు దిగడమేనని ముందే చెప్పు. మా అమ్మకు చెప్పలేదు, సకినాల డబ్బా వాటేసుకుని దుబాయ్ దాకా వదల్లేదు.